అక్క చెయ్యి ఆనిన మేర

అరటిపిలక నేలలోంచే రావాలని మనమనుకుంటాం. ఆ లాబ్‌లో సీసాలోంచి వచ్చేది. ఊరి చివర రేకుల కప్పు కింద, కిటికీలు లేని పొడవాటి గదిలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, అరటి మొగ్గను గోరంత ముక్కలుగా కోసి, జెల్లీ పోసిన గాజు సీసాల్లో నాటేవాళ్ళు. అలా నాటిన సీసాలు పక్కగదిలో అరల మీద చేరేవి. ఒక్క మొగ్గలోంచి వందల మొక్కలు లేచేవి, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా. "కవలపిల్లల్నైనా తల్లి గుర్తుపడుతుంది గానీ వీటిని కన్నతల్లి వచ్చినా గుర్తుపట్టలేదు" అనేది అక్క.

అక్కాచెల్లెళ్ళిద్దరూ అక్కడే పని. పక్కపక్క పీటలు. ఇద్దరికీ కలిపి ఒకటే ఇల్లు, ఒకటే పిల్ల. పిల్ల అక్కది. దాని తండ్రి ఎప్పుడో వేరే దారి చూసుకున్నాడు. పిల్ల సన్నగా ఉంటుంది, ఒకచోట నిలవదు. అందుకని అందరూ దాన్ని పిట్ట అనేవాళ్ళు.

ఆ పనిలో శత్రువు బూజు. కంటికి కనపడని బూజుకణం ఒకటి సీసాలో పడిందా, వారం తిరిగేసరికి లోపలంతా బూడిదరంగు దూది. అందుకే కోత కోసేది మామూలు బల్ల మీద కాదు. ముందువైపు తెరిచిన బీరువాలాంటి పెట్టెలో, శుభ్రమైన గాలి వీస్తుండగా చేతులు మాత్రం లోపలికి పెట్టి కోస్తారు. ఆ పెట్టె కప్పుకు రెండు దీపాలు. ఒకటి తెల్లది, పని చేసుకోవడానికి. రెండోది నీలంది, పెట్టెలో ఉన్న బూజునీ పురుగునీ చంపడానికి. నీలం దీపం వేసి బయటికి పోవాలి, ఆర్పి లోపలికి రావాలి. సూపర్‌వైజరు పనిలో చేరిన ప్రతి మనిషికీ ఈ సంగతి చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు. ఎందుకో మాత్రం చెప్పేవాడు కాదు. బహుశా ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.

కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే తీరు ఒకటుండేది. పాతావిడ పక్కన కూర్చుని, నేర్చుకునేదాని ముంజేతి మీద తన చెయ్యి ఆనించి ఉంచేది. లాగదు, తొయ్యదు. కత్తి ఎంత లోతు దిగాలో ఆ బరువే చెప్పేది. "నీకెవరు చెయ్యేశారు?" అని అడిగితే నీకు పని నేర్పిందెవరని అర్థం. చెల్లెలికి అక్కే చెయ్యేసింది. ఆ తర్వాత చెల్లెలు అక్కని మించిపోయింది గానీ, ఉన్నట్టుండి దాని వేళ్ళ కీళ్ళు వాచి, పొద్దుటిపూట బిగుసుకుపోవడం మొదలైంది. కత్తి వణికేది. అప్పుడు అక్క ఎవరూ చూడకుండా మళ్ళీ చెయ్యేసేది. అక్క చిటికెనవేలు చిన్నప్పుడు తలుపు సందులో పడి వంకరపోయింది. ఆ వంకరవేలు చెల్లెలి మణికట్టు ఎముక మీద సరిగ్గా కూర్చునేది.

ఆ సాయంత్రం మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఒక ట్రే మిగిలింది. తెల్లదీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. స్విచ్చులు తడిమితే నీలందీపం వెలిగింది.

"ఈ వెలుతురు చాలదా అక్కా? ఈ ఒక్క ట్రే కోసేసి పోదాం. పొద్దున్నకి మొగ్గలు నల్లబడిపోతాయి" అంది చెల్లెలు.

"దాని కింద కూర్చోకూడదంటాడు కదే ఆయన."

"పురుగుల్ని చంపే దీపం మనల్నేం చేస్తుంది? మనమేమన్నా పురుగులమా?"

అక్క నవ్వింది. "మన సూపర్‌వైజరు దృష్టిలో అంతకంటే ఎక్కువేం కాదులే" అని పీట జరుపుకుని, చెల్లెలి ముంజేతి మీద చెయ్యి ఆనించింది. ట్రే అయిపోయేదాకా తియ్యలేదు. నీలం వెలుగు చల్లగా, నీళ్ళలో కూర్చున్నట్టు హాయిగా ఉందని ఇద్దరూ అనుకున్నారు.

ఇల్లు చేరాక మొదలైంది. ముందు కళ్ళలో ఇసుక పడ్డట్టు, తర్వాత కారం కొట్టినట్టు. ముఖాలూ చేతులూ కమిలి కాగిపోయాయి. తెల్లవారేసరికి ఇద్దరికీ రెప్పలు విడలేదు. పిట్ట తన జుట్టు తనే అల్లుకుని బడికి పోయింది. వీళ్ళు తలుపులు బిగించి, కళ్ళ మీద తడిగుడ్డలేసుకుని పడుకున్నారు. గుడ్డలు ఎండిపోయాయి. "నువ్వుండవే, నేను తడిపి తెస్తా" అని అక్క లేచింది. వాళ్ళది మేడమీద గది. నీళ్ళ కుళాయి కింద. మెట్లు గోడవార బయటనుంచి దిగుతాయి, వాటికి ఒకవైపు పట్టుకునేందుకేమీ లేదు. కింద కుట్టుమిషను చప్పుడు అవుతూ అవుతూ ఆగిపోవడం చెల్లెలు విన్నది. తర్వాత మిషనత్త కేక.

మిషనత్త అంటే కింద వాటాలో బట్టలు కుట్టే ముసలావిడ. అందరికీ అత్తే. అక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆవిడే. చెల్లెలు మెట్లు తడుముకుంటూ దిగింది గానీ, అక్క ముఖాన్ని చివరిసారి కళ్ళతో చూడలేకపోయింది. రెప్పలు విడేసరికి అంతా అయిపోయింది.

ఆ గొడవలో చెల్లెలి చేతుల వంక చూసినవాళ్ళెవరు? ఎవరో మందు రాసి కట్టు కట్టారు. పొట్టు లేచింది, రాలింది, కింద కొత్తచర్మం వచ్చింది. చూస్తే ఏమీ జరగనట్టే ఉంది.

*

ఏడాది దగ్గర పడుతుండగా కీళ్ళనొప్పులు ముదిరాయి. సీసా మూత తిప్పడానికి కూడా చెల్లెలు పక్కమనిషిని అడగాల్సి వచ్చింది. పెద్దాసుపత్రిలో డాక్టరు లేతపసుపు మాత్రలు రాసిచ్చాడు. "వారానికి ఒక్కటంటే ఒక్కటే. నీ ఒంట్లో కాపలా కాసే కణాలు పిచ్చెక్కి నీ కీళ్ళనే కరుస్తున్నాయి. ఈ మాత్ర వాటికి కళ్ళెం. రోజూ మింగావో, కళ్ళెం కాస్తా ఉరితాడవుతుంది" అన్నాడు. చాలా నెలలకు సరిపడా ఒకేసారి ఇచ్చి పంపించాడు. చెల్లెలు ఇంటికొచ్చి ఈ మాటలన్నీ పిట్టకి అప్పజెప్పింది. దానికి పన్నెండో ఏడు. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇంకెవరున్నారు?

మొదటి మాత్ర వేసుకున్న మర్నాడు సాయంత్రం ఆమె బట్టలు మడతపెడుతోంది. ముంజేతి మీద చీమలు పాకినట్టనిపించింది. దులుపుకుంది. చీమల్లేవు. చర్మం వెచ్చబడింది, కందింది. మోచేతి నుంచి మణికట్టుదాకా, మెడ మీద, బుగ్గల పైభాగాన, ఆ రోజు మాస్కూ టోపీ గ్లౌజులూ కప్పనిచోటల్లా ఎరుపెక్కింది. ఏ గీత దాకా అప్పుడు కాలిందో ఆ గీత దాకానే.

పిట్ట నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తలెత్తి చూసి, పెన్సిలు కింద పెట్టింది.

"పిన్నీ, నీ చేతి మీద చెయ్యి ఉంది."

ఎర్రగా కాలిన ముంజేతి మధ్యలో నాలుగు వేళ్ళూ, బొటనవేలూ, అరచేతి మడమా మామూలు చామనఛాయలో తేటగా కనపడుతున్నాయి. చివర చిటికెనవేలు వంకరగా మణికట్టు ఎముక మీద కూర్చుని ఉంది.

పిట్ట లేచి వచ్చింది. తన చెయ్యి ఆ ఆకారం మీద పెట్టింది. వేళ్ళు కాస్త పొట్టి వచ్చాయి. "అమ్మదే" అంది.

మిషనత్తని పిలుచుకొచ్చారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది, ఒకడుగు వెనక్కి వేసింది. "దీనికి చచ్చినా నీ మీద మనసు పోలేదే అమ్మాయ్" అంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి వీధివీధంతా చూడ్డానికి వచ్చింది. అప్పటికి ఎరుపు తగ్గుముఖం పట్టింది. చెయ్యి అంచులు కరిగిపోయి, చుట్టూ చర్మంలో కలిసిపోయింది.

*

చర్మం డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. చెల్లెలి మాటల్లోంచి దయ్యాన్ని తీసి పక్కన పెట్టలేదు, నవ్వనూ లేదు. రెండోవారం మాత్ర తన ముందే వేయించి, మర్నాడు ఎరుపు పొంగగానే, ఆ చేతి ఆకారం లోపలనుంచి ఒక మిరియపుగింజంత, బయట ఎర్రటిచోటునుంచి ఒక మిరియపుగింజంత చర్మం తీసింది. కొన్నాళ్ళకు పిలిపించి కంప్యూటరు తెర మీద చూపించింది. పిట్ట కూడా వెంట వెళ్ళింది.

నల్లటి తెర మీద ఆకుపచ్చగా మెరుస్తూ ఏవో ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఐదారు చేతులు. అన్నీ బార్లా చాపుకుని, ఒకదాని వేలికొస ఇంకోదానికి అందీ అందనంత ఎడంగా, తెరనిండా పరుచుకుని కూర్చున్నాయి.

"ఇవి కాపలా కణాలు. అందరి చర్మంలోనూ పైపొరలో ఇలాగే ఉంటాయి. కదలవు. చేతులు చాపుకుని, ఏం వచ్చి తగులుతుందా అని తడుముతూ ఉంటాయి" అంది డాక్టరమ్మ.

"కళ్ళుండవా?" అంది పిట్ట.

"ఉండవు. తడమడమే."

చెల్లెలు చేతులు చంకల్లో దాచుకుంది. తన చర్మంలో ఇంతమంది కూర్చుని ఉన్నారని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఇది చెయ్యి ఆకారం లోపలిది. ఇప్పుడిది చూడండి." రెండో బొమ్మలో చేతులు చాపినవి ఎక్కడో ఒకటీ అరా. అవి కూడా చేతులు ముడుచుకుని ఉన్నాయి. వాటి చోటంతా చిన్న చిన్న గుండ్రటివి గుంపులుగా ముసిరి ఉన్నాయి. "మీరు నీలందీపం కింద కూర్చున్నారు కదా, అందులోనూ ఎండలోనూ ఒకరకం వెలుగుంటుంది. కంటికి ఆనదు. కణాల లోపలి దారాల్ని తెంపేస్తుంది. దెబ్బ తగలగానే ఈ కాపలావాళ్ళు చేతులు ముడుచుకుని, ఉన్నచోటు వదిలేసి నడుచుకుంటూ పోతారు."

"ఎక్కడికి?"

"చంకలోకి. గాయమైతే చంకలో బిళ్ళ కడుతుంది చూడూ, అక్కడికి. పోయి కబురు చెబుతారు. ఆ కొన్నాళ్ళూ కాలినచోట కాపలా ఉండదు. ఇల్లు తెరిచి పెట్టి పోయినట్టే. కబురు విన్నవాళ్ళలో కొందరు ఇదిగో, ఈ గుండ్రటివాళ్ళు, తిరిగి వచ్చి కాలినచోటే కాపురం పెడతారు. ఏళ్ళు గడిచినా ఉంటారు. ఏదో ఒక మందు వాళ్ళని కెలికిందనుకో, ఆ రోజే మళ్ళీ కాలినట్టు గొడవ చేస్తారు. అదే గీత దాకా. ఎందుకలా చేస్తారో మాకూ పూర్తిగా తెలీదు. కాలిన కొద్దిరోజుల్లో ఇలా అవడం పుస్తకాల్లో ఉంది. ఇన్ని నెలల తర్వాత అవడం నేనెక్కడా చదవలేదు."

పిట్ట మొదటి బొమ్మ దగ్గరికి వెళ్ళి, తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది. "అంటే అమ్మ చేతి కింద ఉన్నవాళ్ళు ఎక్కడికీ పోలేదు."

"పోలేదు. వాళ్ళ మీద దీపం పడలేదు కదా."

"వాళ్ళకి అమ్మ తెలుసా?"

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. "తెలీదమ్మా. చుట్టూ ఉన్నవాళ్ళకి మంట తెలుసు. లోపలివాళ్ళకి ఏమీ తెలీదు." తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "ఈ మాత్ర ఆపెయ్యి. కీళ్ళకి వేరేది రాయిస్తాను. ఆపేస్తే ఇక రాదు."

"ఇక రాదా?" అంది పిట్ట. అడిగింది డాక్టరమ్మని కాదు, పిన్నిని.

*

మాత్రలు ఆపేసింది. పెట్టెను అలమరలో పైఅరలో పెట్టింది. పారేసి ఉండాల్సింది. పారేయబుద్ధి కాలేదు.

రెండు వారాలు ఏమీ లేదు. ఒకరోజు పొద్దుగూకే వేళ, సీసాలు కడిగి ఇంటికొచ్చి కూర్చుంది. చీమలు పాకాయి. ఎరుపు పొంగింది, నీళ్ళలోంచి తేలినట్టు మెల్లగా చెయ్యి బయటపడింది. ఈసారి మునుపటికన్నా స్పష్టంగా ఉంది. అరచేతి మడమ దగ్గర చిన్న నొక్కుతో సహా. మాత్ర లేదు, మందు లేదు. తనంతట తానే.

"చూశావా పిన్నీ, డాక్టర్లకేం తెలుసు? అమ్మకి మాత్రలెందుకు?" అంది పిట్ట. ముఖం వెలిగిపోతోంది. ఏడాదిగా ఆ పిల్ల అలా నవ్వడం చెల్లెలు చూడలేదు.

మిషనత్త మాత్రం ఈసారి దగ్గరికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. "ఒకసారొస్తే ప్రేమ అనుకున్నా. మాటిమాటికీ వస్తోందంటే ఏదో పనుండే వస్తోంది. ఆ డాక్టరమ్మకి చూపించవే."

"చూపిస్తే ఏం చేస్తుంది, పోగొడుతుంది."

"పోనీ. ఉన్నవాళ్ళు ఉండాలిగా."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకత్తా?"

"ఆ కంద కాస్తా కూరైపోతోందనే నా బాధ. అద్దంలో చూసుకున్నావా? పీక్కుపోయావు."

చెల్లెలు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. చెప్పకపోతే రోగం లేనట్టేనని, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఊరుకుంది. నిజం చెప్పాలంటే సాయంత్రం అయ్యేసరికి ఆమె ఎదురుచూసేది. జాకెట్టు చేతులు మడిచి, దీపం కింద ముంజెయ్యి చాపుకుని కూర్చునేది. మంట మండుతున్నకొద్దీ మధ్యలో ఆ చోటు చల్లగా అనిపించేది. కొన్నాళ్ళకి బరువు కూడా తెలిసింది. కత్తి ఎంత లోతు దిగాలో చెప్పే ఆ బరువే. ఒకసారి లాబ్‌లో మొగ్గ కోస్తూ, ఎప్పుడూ కోసే చోట కొయ్యబోతే ముంజెయ్యి కిందికి నొక్కినట్టయింది. కత్తి జారి జెల్లీలో పడింది. పక్కపీట ఖాళీ.

పిట్ట ఎన్నడూ లేని శ్రద్ధగా ఇల్లు చూసుకునేది. పడుకునేముందు పాలు తనే కాచి తెచ్చేది.

"ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందే నీకు? పొయ్యి ఎటు వెలుగుతుందో తెలియని దానివి."

"తాగు పిన్నీ. వేడిగా ఉన్నప్పుడే."

"చేదుగా ఉన్నాయేమిటే?"

"అడుగంటాయి. పంచదార ఎక్కువేశాలే."

ఆమె తాగేది. పిట్ట గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడేది. తర్వాత పిన్ని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, ఆ ఆకారంలో తన వేళ్ళు పెట్టుకుని కబుర్లు చెప్పేది. చెప్పేది పిన్నికి కాదు. బళ్ళో ఎవరు కొట్టారో, ఎవరు గెలిచారో ఆ చేతికి చెప్పేది. మధ్యలో ఆగి, విన్నట్టు తల ఊపేది.

మొదట నోట్లో పొక్కులు లేచాయి. మంచినీళ్ళు తాగినా భగ్గుమనేది. దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. కాళ్ళ మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు. ఒక మధ్యాహ్నం లాబ్‌లో సీసాల అర ముందు నిలబడి, వరసగా ఉన్న మొక్కలన్నీ చేతులు చాపుకుని తనని తడుముతున్నాయని కేక పెట్టి పడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

*

పెద్దాసుపత్రిలో అద్దాల గదిలో పెట్టారు. లోపలికి వెళ్ళేవాళ్ళు నెత్తి నుంచి కాళ్ళదాకా కప్పుకోవాలి. కబురందుకుని చర్మం డాక్టరమ్మ వచ్చింది. రక్తం పరీక్ష కాగితం చూసి, మళ్ళీ చూసి, మంచం మీదికి వంగింది.

"మాత్రలు ఎన్ని మింగావు?"

"ఆపేశానమ్మా. మీరు చెప్పినప్పుడే" అంది చెల్లెలు. పొక్కుల నోటితో మాట ముద్దముద్దగా వచ్చింది.

"అబద్ధం చెప్పకు. నీ ఒంట్లో కాపలా కణాలు దాదాపు లేవు. ఆ మాత్ర రోజూ మింగితేనే ఇలా అవుతుంది. నిజం చెబితే విరుగుడు ఇస్తాను. తప్పు విరుగుడు ఇస్తే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే నువ్వుండవు."

"మీ మీద ఒట్టు."

డాక్టరమ్మ తలెత్తింది. అద్దం అవతల మిషనత్త, ఆవిడ పక్కన పిట్ట. పిట్ట అద్దానికి అరచేయి ఆనించి, పిన్ని ముంజేతి వంకే చూస్తోంది.

డాక్టరమ్మ బయటికి వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమ్మా, పిన్ని మాత్రలెక్కడున్నాయి?"

పిట్ట మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

"చెప్పవే తల్లీ" అంది మిషనత్త. అప్పటికే ఆవిడకి అర్థమయింది.

"అయిపోయాయి" అంది పిట్ట.

"ఎలా?"

"పాలల్లో. నూరి. మొదట్లో వారానికొకటే వేశాను. చెయ్యి తొందరగా పోతుండేది. రోజూ వేస్తే రోజూ ఉంది" అంది. తర్వాత ఒక్కసారిగా, "మీరే కదా, ఆపేస్తే అమ్మ ఇక రాదన్నారు! పంపించేద్దామని చూసింది మీరే!" అని అరిచింది.

మిషనత్త చెయ్యెత్తింది గానీ కొట్టలేదు. ఆ చేత్తోనే పిల్లని దగ్గరికి లాక్కుంది.

డాక్టరమ్మ ముందు లోపలికి పరిగెత్తి నర్సుకి విరుగుడు ఇంజక్షను చెప్పింది. తర్వాత పిట్టకి గౌను తొడిగించి, ముఖానికి మాస్కు కట్టి లోపలికి తీసుకొచ్చింది. పిన్ని మోచేతిదాకా గుడ్డ తొలగించి, "చూడు" అంది.

పాలిపోయిన ముంజెయ్యి. ఎరుపు లేదు. చెయ్యీ లేదు. పిట్ట అటూ ఇటూ తిప్పి చూసింది, దీపం వైపు తిప్పి చూసింది, గోటితో రుద్ది చూసింది.

"ఏదీ?"

"ఆ చుట్టూ ఉన్నవాళ్ళు మంట పెడితేనే కదా మధ్యలో అమ్మ చెయ్యి కనిపించేది. వాళ్ళు పోయారు. మీ పిన్ని ఒంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. గాలిలో ఉండే బూజుకణం వచ్చినా ఎదురెళ్ళేవాడు లేడు. వాళ్ళ లాబ్ సీసాల్లో మొక్కల్లా ఉంది."

పిట్ట మంచం పక్కన నిలబడి పిన్ని ముఖం చూసింది. చాలా రోజుల తర్వాత ముఖం చూసింది. ఇన్నాళ్ళూ చెయ్యే చూస్తూ వచ్చింది. పిన్ని పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. కళ్ళు విడడం లేదు. ఆ రోజు పొద్దున బడికి పోతూ తలుపు సందులోంచి చూసినప్పుడు అమ్మ కళ్ళు కూడా అలాగే ఉన్నాయి.

"నువ్వు కూడానా?" అంది పిట్ట. ఆ మాట పిన్నికి వినపడింది.

*

బతికింది. ఎలా బతికిందని అడిగితే, విరుగుడు సమయానికి పడిందని డాక్టర్లు అన్నారు. ఎముకల్లోని మూలుగ మళ్ళీ పని మొదలుపెట్టిందన్నారు. అద్దాల గదిలోంచి మామూలు గదిలోకి మార్చారు.

పిట్ట బడి మానేసి అక్కడే ఉండేది. పక్క సర్దేది, కాళ్ళు ఒత్తేది. పిన్ని తాగే గ్లాసు మాత్రం ముట్టుకునేది కాదు. నర్సు అందించమంటే చేతులు వెనక్కి పెట్టుకునేది. ఎవరూ దాన్ని ఒక్కమాట అనలేదు. అంటే బాగుండునని దాని ముఖం చూస్తే తెలిసేది. రెప్ప వాలిస్తే చాలు, ఉలిక్కిపడి లేచి పిన్ని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

ఒకరోజు పిట్ట మిషనత్తతో కిందికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మంచం మీద కూర్చుంది. "కొత్త కణాలు పుట్టుకొస్తున్నాయి. పాత మంటని నేర్చినవాళ్ళు కొందరు ఎక్కడైనా దాక్కుని ఉంటే వాళ్ళూ తిరిగొస్తారు. అలా వచ్చేటప్పుడు చర్మం ఒకసారి కందొచ్చు. కంగారు పడకు. రెండు రోజుల్లో పోతుంది. బహుశా అదే ఆఖరు." లేచి తలుపుదాకా వెళ్ళి ఆగింది. "ఆ పిల్లకి నేను చెప్పలేదు. చెప్పాలో లేదో నీకే తెలియాలి."

చెల్లెలికి తెలుసు. ఒక్కసారి కనపడితే చాలు. ఆ పిల్ల మళ్ళీ వేళ్ళు అందులో పెడుతుంది, మళ్ళీ కబుర్లు మొదలెడుతుంది. ఇంకే మాత్రకి వస్తుంది, ఇంకే దీపానికి వస్తుంది అని వెతుక్కుంటూ పోతుంది. ఈసారి తన ఒంటి మీదే వెతుక్కుంటుందేమో. మేడమెట్ల మీద అక్క ఒక్కసారే జారింది. ఈ పిల్ల రోజుకొక మెట్టు దిగుతూ వచ్చింది, దిగుతున్నది కూడా చెల్లెలి చేతి మీదుగానే.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఉక్కగా ఉంది. పైన ఫ్యాను కీచుమంటూ తిరుగుతోంది. పిట్ట కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతోంది. చెల్లెలి ముంజేతి మీద చీమలు పాకాయి.

ఆమె చూసింది. వాళ్ళు తిరిగొచ్చారు. చర్మం కింద ఒక్కొక్కరే తమ తమ పాత చోట్లు తడుముకుని కూర్చుంటున్నారు. ఎరుపు అంచులు తోసుకొస్తున్నాయి. మధ్యలో వేళ్ళు తేలుతున్నాయి, ఒకటీ, రెండూ. వంకర చిటికెనవేలు మణికట్టు ఎముక మీదికి వచ్చి కుదురుకుంది. ఇంత తేటగా ఎప్పుడూ రాలేదు. అరచేతి గీతలు కూడా కనపడుతున్నాయా అన్నట్టుంది.

కాళ్ళ దగ్గరున్న దుప్పటి లాక్కుని మెడదాకా కప్పేసుకుంది.

ఆ కదలికకి పిట్ట లేచింది. వచ్చి మంచం పక్కన నిలబడింది.

"వచ్చిందా పిన్నీ?"

"ఏది?"

"అదే."

"రాలేదే. ఇక రాదుగా."

పిట్ట దుప్పటి వంక చూసింది. పిన్ని నుదుటి మీద బొట్లు బొట్లుగా కారుతున్న చెమట వంక చూసింది.

"మరి దుప్పటెందుకు కప్పుకున్నావు?"

"చలేస్తోందమ్మా."

పిట్ట చెయ్యి దుప్పటి అంచుదాకా వచ్చింది. అక్కడ ఆగింది. చాలాసేపు ఆ అంచు దారాల్ని వేలితో రాస్తూ నిలబడింది. పిన్ని కళ్ళలోకి చూసింది. చెల్లెలు చూపు తిప్పుకోలేదు.

తర్వాత పిట్ట గోడ దగ్గరికి నడిచి ఫ్యాను ఆపేసింది. తిరిగొచ్చి కుర్చీలో ముడుచుకుని, ముఖం అటు తిప్పుకుని పడుకుంది.

ఫ్యాను రెక్కలు విడివిడిగా కనపడి, మెల్లగా ఆగాయి. గదిలో గాలి కదలడం మానేసింది. దుప్పటి కింద మంట మోచేతిదాకా ఎక్కింది. మధ్యలో ఆ ఐదు వేళ్ళ మేర మాత్రం చల్లగా, బరువుగా ఉంది.